పాత బండి మీద చెరిగిన అక్షరాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము రెండు రోజులు ఆలోచించాం. చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి ఏటా మన సంచికలో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అవి అవసరమే. అయితే మాకు వాటికంటే బాగా తెలిసిన సంగతి ఒకటుంది. అది మా ఇంటి పని. పాత మోటారు సైకిళ్ళ మీద, వాటి విడిభాగాల మీద చెరిగిపోయిన అక్షరాలను మళ్ళీ చదవడానికి వీలుగా చేయడం. దాని గురించే రాస్తున్నాం.

ఇక్కడ "మేము" అంటే అన్నదమ్ములం ఇద్దరం. పెద్దవాడు ఈ హాస్టల్లోనే చదువుకుని ఈమధ్యనే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి అతనే. చిన్నవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మా నాన్న చదివింది ఐదో తరగతి. కానీ మా ఊరి సెంటర్లో ఒకప్పుడు ఆయన రాయని బోర్డు లేదు. కిరాణా కొట్టు, మందుల షాపు, పార్టీ గోడ రాతలు, లారీల వెనక రాతలు, బండ్ల నంబరు ప్లేట్లు అన్నీ ఆయన కుంచె మీదుగా పోయినవే. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఇంగ్లీషు అక్షరాలను బొమ్మల్లాగా చూసి తప్పులేకుండా రాసేవారు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గంటలో బోర్డు తయారు. గోడ రాతలు తగ్గాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు తప్పనిసరి అయ్యాయి. దాంతో నంబరు ప్లేటు రాసే పని కూడా పోయింది. అలాంటి రోజుల్లో పక్క షెడ్డు మెకానిక్ బాబాయి ఒక పాత బుల్లెట్ ట్యాంకు తెచ్చి, "అన్నా, దీని మీద పేరు చెరిగిపోయింది, పాత రాత ఎట్లా ఉందో అట్లాగే రాయగలవా?" అని అడిగాడు. ఆ ట్యాంకుతో మా ఇంట్లో ఈ పని మొదలైంది.

పాత భాగాలకు ఎందుకంత విలువ?

కొత్త భాగం కొంటే పోలేదా అని మీరు అడగవచ్చు. కొన్నింటికి దొరకదు. మన దేశంలో బుల్లెట్ తయారీ కోసం 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించారు. బుల్లెట్ ఈనాటికీ తయారవుతోంది గనుక దాని భాగాలు చాలావరకు దొరుకుతాయి. జావా, యెజ్డీ బండ్ల సంగతి వేరు. వాటిని మైసూరులో తయారు చేసిన ఐడియల్ జావా కంపెనీ 1996లో మూతపడింది. ఆ పేర్లతో 2018లో, 2022లో మళ్ళీ బండ్లు వచ్చినా అవి కొత్త ఇంజన్లతో వచ్చిన కొత్త బండ్లు. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ తయారీ కూడా ఎప్పుడో ఆగిపోయింది. నకలు భాగాలు దొరికినా వాటి మీది అక్షరాల వంపు వేరు, మందం వేరు. తెలిసినవాళ్ళు దూరం నుంచే పట్టేస్తారు.

చట్టం కూడా ఈ విలువను గుర్తించింది. 50 ఏళ్ళు దాటిన బండ్లకు "వింటేజ్" రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రకటించింది. నంబరులో "వీఏ" అనే అక్షరాలు వస్తాయి. బండి దాని అసలు రూపంలో ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. కాబట్టి పాత భాగాన్ని పారేయకుండా దాని అక్షరాలను నిలబెట్టడం వట్టి సరదా పని కాదు.

అక్షరాలు ఎందుకు చెరుగుతాయి?

పెయింటులో ముఖ్యంగా రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి రంగునిచ్చే పొడి. రెండోది ఆ పొడిని పట్టి ఉంచే జిగురు పదార్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ జిగురును మెల్లమెల్లగా విరగ్గొడతాయి. అప్పుడు రంగు పొడి వదులై పైకి తేలుతుంది. పాత బండి ట్యాంకు మీద చెయ్యి రుద్దితే అరచేతికి సుద్దలాగా అంటేది అదే. అన్ని రంగులూ ఒకేలా వెలవవు. నల్ల రంగులో ఉండే కార్బన్ ఎండకు లొంగదు. కొన్ని ఎరుపు రంగులు మాత్రం తొందరగా పాలిపోతాయి.

ఎండ ఒక్కటే కారణం కాదు. పెట్రోలు పోసేటప్పుడు ట్యాంకు మీద ఒలికేది, కూర్చున్నప్పుడు మోకాళ్ళు రాసుకునేది, స్విచ్చు మీద రోజూ బొటనవేలు పడేది, ఇవన్నీ కారణాలే. అన్నిటికంటే పెద్ద శత్రువు మన శుభ్రత. మెరవాలని బఫింగ్ చక్రం మీద పెడితే ఇంజను కవరు మీది అక్షరాల అంచులు అరిగిపోతాయి. రంగు పోతే మళ్ళీ వేయవచ్చు. లోహం అరిగితే తిరిగి రాదు.

ముందు అక్షరం రకం గుర్తించాలి

బండి మీది అక్షరాలు నాలుగు రకాలు. పోతలోనే పైకి లేచి ఉండేవి మొదటి రకం. ఇంజను కవర్ల మీద, కార్బురేటరు మీద ఇవి కనిపిస్తాయి. లోహంలోకి లోతుగా దిగి ఉండేవి రెండో రకం. స్విచ్చుల మీద, చిన్న చిన్న రేకు బిళ్ళల మీద ఉంటాయి. ట్యాంకు మీద, పక్క డబ్బాల మీద అంటించినవి, చేత్తో రాసినవి మూడో రకం. మీటరు లోపల పలక మీద అచ్చు వేసినవి నాలుగో రకం. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే ఉన్నది కూడా పోతుంది.

ఏ రకమైనా సరే, పని మొదలుపెట్టే ముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోవాలి. టార్చిలైటును ఏటవాలుగా పట్టుకుని చూస్తే మామూలు వెలుతురులో కనబడని గీతలు నీడలుగా కనిపిస్తాయి. ఆ తర్వాతే సబ్బు నీళ్ళు, మెత్తని పళ్ళ బ్రష్షు. అల్యూమినియం భాగాలను పాత పెయింటు ఊడుతుందని కాస్టిక్ సోడాలో నానబెట్టేవాళ్ళున్నారు. అది చాలా తప్పు. కాస్టిక్ సోడా అల్యూమినియంను తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు బుడగలుగా బయటికి వస్తుంది. కార్బురేటరు పోతలోని జింకునూ వదలదు. ఇంటర్ కెమిస్ట్రీలో మనం రాసే సమీకరణమే ఇది. ఇసుక బ్లాస్టింగ్ కూడా అక్షరాల అంచులను గుండ్రం చేసేస్తుంది.

లోతు అక్షరాలు

ఇవి అన్నిటికంటే సులభం. మొదటిసారి చేసేవాళ్ళు వీటితోనే మొదలుపెట్టాలి. గుంటల్లోని మురికిని పుల్లతో తీసి భాగాన్ని పూర్తిగా ఆరబెట్టాలి. చిక్కటి ఎనామిల్ పెయింటును సన్న కుంచెతోగానీ పుల్ల మొనతోగానీ గుంటలో నింపాలి. పక్కకు అంటినా కంగారు లేదు. పైపొర కాస్త గట్టిపడేదాకా ఆగాలి. తర్వాత చిన్న చెక్కముక్కకు పాత నూలు గుడ్డను బిగుతుగా చుట్టి, దాన్ని టర్పెంటైన్‌తో కొద్దిగా మాత్రమే తడిపి, అక్షరాలకు అడ్డంగా ఒక్కసారి లాగాలి. పైన అంటింది పోతుంది, గుంటలోది నిలుస్తుంది.

గుడ్డను చెక్కకు ఎందుకు చుట్టాలి? వదులు గుడ్డయితే వేలి ఒత్తిడికి గుంటలోకి దిగి లోపలి రంగును కూడా లాక్కొస్తుంది. చెక్క చదునుగా ఉంటుంది గనుక పైపైనే పోతుంది. ఈ చిన్న కిటుకు తెలియక మేము మొదటి స్విచ్చును ఏడుసార్లు రాశాం.

టర్పెంటైనే ఎందుకు, థిన్నరు ఎందుకు కాదు? ఇది ముఖ్యం. ఎనామిల్ పెయింటు ఆరడం అంటే కేవలం ద్రవం ఆవిరి కావడం కాదు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వలలాగా అల్లుకుంటుంది. పచ్చి ఎనామిల్ టర్పెంటైన్‌లో కరుగుతుంది, రోజులు గడిచి బాగా ఆరినది కరగదు. కాబట్టి కింద ఉన్న పాత రంగుకు దెబ్బ తగలకుండా పైన పడిన పచ్చి రంగును మాత్రమే తుడవవచ్చు. థిన్నరు అలా కాదు. అది చాలా రకాల పెయింట్లను కరిగించేస్తుంది, ఆరిన ఎనామిల్‌ను కూడా ఉబ్బించి ముడతలు పెడుతుంది. ఏది దేనిలో కరుగుతుందో తెలుసుకోవడమే ఈ పనిలో సగం విద్య.

లేచిన అక్షరాలు

ఇక్కడ పద్ధతి తలకిందులు. అక్షరాలతో సహా మొత్తం భాగానికి నేల రంగు వేసి బాగా ఆరనివ్వాలి. అల్యూమినియం మీద పెయింటు సరిగా పట్టదు గనుక దానికి సరిపడే ప్రైమరు ముందు వేయాలి. ఆరాక 600 నంబరు వాటర్ పేపరును చదునైన చెక్కకు చుట్టి, తడి చేసి, అక్షరాల తలల మీద మాత్రమే మెల్లగా రుద్దాలి. తలల మీది రంగు పోయి కింది లోహం తెల్లగా మెరుస్తుంది. నల్లని నేల మీద వెండి అక్షరాలు వస్తాయి. వేలితో రుద్దితే నేల రంగు కూడా పోతుంది.

తలలకు రంగు కావాలంటే ఒక గాజు పలక మీద పెయింటును పలచగా పరిచి, చిన్న రబ్బరు రోలరుకు అంటించి అక్షరాల మీద దొర్లించాలి. రబ్బరు స్టాంపుకు ఇంకు అంటించినట్టే. రోలరు మీద రంగు ఎక్కువైతే అక్షరం పక్కల నుంచి కారుతుంది. అందుకే ముందు పాత పేపరు మీద రెండుసార్లు దొర్లించి చూడాలి.

ట్యాంకు మీది రాత

ఇది మా నాన్న సొంత రాజ్యం. చెరిగిన పేరు మీద బట్టర్ పేపరు పరిచి, మిగిలిన అంచులను పెన్సిలుతో దించుకుంటారు. ఒకవైపు చెరిగిపోతే ట్యాంకు రెండోవైపు చూసి పూరిస్తారు. తర్వాత ఆ గీతల వెంట సూదితో దగ్గర దగ్గరగా గుచ్చుతారు. ట్యాంకుకు కొత్త రంగు వేసి ఆరాక, ఆ కాగితాన్ని సరైన చోట అతికించి, సుద్దపొడి కట్టిన గుడ్డ మూటతో తడతారు. కాగితం తీస్తే చుక్కల అక్షరం కనబడుతుంది. పాత రోజుల్లో పెద్ద గోడల మీద నాయకుల బొమ్మలు దించింది కూడా ఇలాగే.

ఆ పైన చెయ్యి. ఎడమ చేత్తో ఒక కర్ర పట్టుకుని, దాని మీద కుడి మణికట్టు ఆనించి, పొడుగు వెంట్రుకల కుంచెతో ఒకే ఊపులో గీత లాగుతారు. మధ్యలో ఆగితే అతుకు కనిపిస్తుంది. ఈ విద్య పాతబడిందని అనుకోవద్దు. చెన్నైలోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో బుల్లెట్ ట్యాంకుల మీది బంగారు గీతలను ఎన్నో ఏళ్ళుగా చేత్తోనే వేస్తూ వచ్చారు. యంత్రాలున్న చోట కూడా చేతికి విలువ ఉందన్నమాట.

పెట్రోలు పడినా చెదరకుండా చివర క్లియర్ లక్కరు కొట్టాలి. కింది ఎనామిల్ పూర్తిగా ఆరకముందే కొడితే ముడతలు పడుతుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే రకం లక్కర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. మూతికి కట్టుకున్న చేతిరుమాలు వాటిని ఆపదు. ఆ పనికి సరైన మాస్కు, గాలి ఆడే చోటు ఉన్న స్ప్రే షాపుకే పంపాలి. మేము అలాగే పంపుతాం.

మా తప్పు

2020లో కరోనా వల్ల హాస్టళ్ళు మూసేసినప్పుడు మేమిద్దరం ఇంటికి చేరాం. సడలింపులు వచ్చాక ఒక రిటైరైన మాస్టారు తన పాత బుల్లెట్ మీటరు తెచ్చారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న బండి అట. పలక మీద బూజులాంటి మసక పట్టింది. శుభ్రం చేసి, వెలిసిన అంకెలు సరిచేయమన్నారు. నాన్న భోజనానికి వెళ్ళారు. పెద్దవాడు అప్పటికి బీఎస్సీ విద్యార్థి. కెమిస్ట్రీ వచ్చుననే ధీమాతో దూదికి థిన్నరు అద్ది పలక మీద ఒక్కసారి తుడిచాడు. మసక పోయింది. దాంతోపాటు 60 అనే అంకె కూడా పోయింది. దూదికి తెల్లటి మరక మాత్రం మిగిలింది.

ఏ ద్రావణి ఏ జిగురును కరిగిస్తుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మేము. ముందు ఒక మూల చిన్న చుక్క పెట్టి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

నాన్న వచ్చి చూశారు. తిట్టలేదు. అదే మాకు ఎక్కువ బాధనిపించింది. సాయంత్రం మాస్టారు వచ్చి, "ఏం నాయనా, అరవై ఏమైంది?" అని అడిగారు. మేము తల వంచుకున్నాం. నాన్నే, "పిల్లలు తుడిచేశారు మాస్టారూ. తప్పు మాదే. రెండు రోజులు టైమివ్వండి, రాసిస్తాను. నచ్చకపోతే కొత్త పలక నా ఖర్చుతో వేయిస్తాను" అన్నారు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొత్తది వద్దయ్యా, దీని మీదే రాయి" అని వెళ్ళిపోయారు.

ఆ పలక మీద 10 నుంచి 120 దాకా పదేసి చొప్పున అంకెలున్నాయి. సున్నాలకు కొదవ లేదు. ఆరు మాత్రం ఇంకెక్కడా లేదు. మేము కంప్యూటర్ సెంటరుకు వెళ్ళి అలాంటి అచ్చు వెతుకుదామన్నాం. నాన్న 90 మీద బట్టర్ పేపరు పెట్టి తొమ్మిదిని దించుకుని, కాగితాన్ని తలకిందులుగా తిప్పారు. ఆరు వచ్చింది. అదే మందం, అదే వంపు. అక్షరాలను బొమ్మలుగా చూసే మనిషికి తట్టింది, వాటిని చదివే మాకు తట్టలేదు.

తెలుపులో చుక్క పసుపు కలిపి పాత అంకెల రంగుకు సరిపెట్టారు. సన్నటి కుంచెతో ఊపిరి బిగబట్టి రాశారు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఏది కొత్తదో నువ్వే చెప్పాలి" అన్నారు. డబ్బులు ఇవ్వబోతే నాన్న తీసుకోలేదు. అప్పటినుంచి మాకు ఒక నియమం. మీటరు పలకను పొడి కుంచెతో దుమ్ము దులపడం, మరీ అవసరమైతే నీటితో కొద్దిగా తడిపిన దూదిని ఒక మూల ఆనించి చూడడం. అంతకు మించి తొందరపడం.

చీకట్లో వెలిగిన అంకెలు

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. 1960ల కంటే ముందు విదేశాల్లో తయారైన కొన్ని మీటర్ల అంకెలకు, ముల్లుకు చీకట్లో వెలిగే పెయింటు వేసేవారు. అందులో రేడియం ఉండేది. రేడియం నుంచి వచ్చే కిరణాలు జింక్ సల్ఫైడ్‌ను తాకితే వెలుగు వస్తుంది. ఇప్పుడు ఆ మీటరు వెలగకపోతే రేడియం అయిపోయిందని అనుకోకూడదు. పాడైంది జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం-226 సగం తగ్గడానికి దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది. గోధుమ రంగుకు తిరిగి, పెళుసుబారిన అలాంటి పెయింటును గీకితే ఆ పొడి ఊపిరితో లోపలికి పోతుంది. అందుకే అలాంటి మీటరు అద్దం విప్పకూడదు. ఆ అక్షరాలను వెలిసిపోయినట్టే వదిలేయడం మంచిది.

ముట్టకూడని అంకెలు

బండి చాసిస్ మీద, ఇంజను మీద గుద్దిన నంబర్లుంటాయి. అవి అలంకారం కాదు, బండి గుర్తింపు. తుప్పు పట్టి కనబడకపోతే మెత్తని బ్రష్షుతో నూనె రాసి శుభ్రం చేయవచ్చు. అంతే. వాటిని మళ్ళీ గుద్దడం, లోతు చేయడం, మార్చడం చట్టరీత్యా నేరం. దొంగ బండ్లు చేతులు మారేది అలా దిద్దిన నంబర్లతోనే.

ఒకసారి ఒకాయన రాత్రి ఎనిమిది దాటాక వచ్చి, చాసిస్ మీద అరిగిన రెండు అంకెలు "కాస్త స్పష్టంగా" గుద్దిపెట్టమన్నాడు. మేము నెలరోజులు పనిచేస్తే వచ్చేంత డబ్బు ఇస్తానన్నాడు. ఆ వారమే పీజీ పరీక్ష ఫీజు కట్టాలి. ఇంట్లో అంత డబ్బు లేదు. నాన్న బండి వైపు చూడనైనా చూడకుండా, "బాబూ, చెరిగిన పేరయితే రాస్తాను. ఆ అంకెల జోలికి రాను. ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళి అడగండి" అన్నారు. ఫీజు అమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టి కట్టాం. ఆ తర్వాత విడిపించుకున్నాం కూడా.

చివరి మాట

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో చాలామంది ఇళ్ళలో ఏదో ఒక చేతిపని ఉంటుంది. చెప్పులు కుట్టడం, డప్పు కట్టడం, తాపీ పని, నేత, వంట. ఫారంలో తండ్రి వృత్తి అని ఉన్నచోట "కూలి" అని రాసి ఊరుకుంటాం. మేము కూడా అలాగే రాశాం. స్కూల్లో మిత్రులకు మా నాన్న పెయింటరు అని చెప్పడానికి సిగ్గుపడ్డ రోజులున్నాయి. ఇప్పుడు మాకు అర్థమైంది ఏమిటంటే, రంగు ఎందుకు ఆరుతుందో చెప్పింది మా చదువు. ఎప్పుడు ఆగాలో చెప్పింది మా నాన్న. రెండూ కలిస్తేనే మాస్టారి మీటరు మీద అరవై నిలిచింది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్ళండి. మీ ఇంటి పని ఎలా చేస్తారో, ఏ వస్తువు ఎందుకు వాడతారో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో మీ అమ్మానాన్నలను అడిగి రాసుకోండి. వచ్చే ఏడాది సంచికకు పంపండి. మేము తప్పకుండా చదువుతాం.

ఎవరి ఇంట్లోనైనా పాత బండి ఉండి, దాని మీద పేరు చెరిగిపోయి ఉంటే, థిన్నరు మాత్రం ముట్టించకండి.